జబ్బు చేశాక కట్టాలా, ముందే కట్టాలా? వేరే దేశాల ప్రజావైద్యం గురించి తెలిసినవాళ్లు చెప్పండి

మంచుదారి

నమస్కారం అండీ. ఇన్నాళ్లూ మీరు రాసేవి చదవడమే గానీ నేను రాసింది లేదు. ఇప్పుడు ఒక నిర్ణయం తీసుకోవాలి, నాలుగు రోజులుగా ఇంట్లో ఇదే మాట, సరిగ్గా నిద్ర కూడా లేదు, అందుకే అడుగుతున్నాను.

మేం ఏడేళ్లుగా జర్మనీలో ఉంటున్నాం. మా పాపకి 9 ఏళ్లు. రెండేళ్ల కిందట టైప్ 1 షుగర్ అని తేలింది, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారవదు, రోజూ బయటినుంచి ఇవ్వాలి. చేతికి షుగర్ ఎంతుందో చూపించే సెన్సర్, నడుముకి ఇన్సులిన్ పంపు. ఇక్కడ జీతంలోంచి ప్రతి నెలా హెల్త్ ఇన్సూరెన్సుకి కోత పడుతుంది, బాగానే పడుతుంది, కానీ అది పోను పాప ఇన్సులిన్‌కి, సెన్సర్లకి, పంపుకి, మూడు నెలలకోసారి చూసే డాక్టరుకి మేం విడిగా ఒక్క యూరో కట్టింది లేదు. పెద్దవాళ్లు మందులకి కట్టే ఐదు, పది యూరోలు కూడా 18 ఏళ్లలోపు పిల్లలకి అడగరు. జబ్బు తేలినప్పుడు పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం, పాప పక్కనే నాకూ మంచం వేశారు. ఇంటికి వచ్చేటప్పుడు బిల్లు ఎక్కడ కట్టాలని అడిగితే అక్కడున్న అమ్మాయికి నా ప్రశ్నే అర్థం కాలేదు.

ఇప్పుడు మా వారికి అమెరికాలో ఉద్యోగం వచ్చింది. జీతం దాదాపు రెట్టింపు. అంత జీతం వస్తే మందుల ఖర్చు ఒక లెక్కా అని ఆయన అంటారు. నాకేమో భయం. స్నేహితులని అడిగితే ఒకరు కెనడా వెళ్లండి అక్కడ అంతా ఫ్రీ అంటారు, ఇంకొకరు బ్రిటన్‌లో ఫ్రీయే కానీ ఏళ్ల తరబడి వెయిటింగ్ అంటారు. ఆయా దేశాల్లో ఉంటున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. దేనికి కట్టక్కర్లేదు, దేనికి కట్టాలి, ఎంత ఆగాలి?

తెల్లకోటు

మంచుదారి గారూ, నైట్ డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చాను, మీది చదివాక పడుకోబుద్ధి కాలేదు. నేను ఇంగ్లండ్‌లో నర్సుని, పన్నెండేళ్లయింది.

బ్రిటన్‌లో ఫ్రీయే కానీ వెయిటింగ్ అన్న మాటలో రెండు వేరు విషయాలు కలిసిపోయాయి. మీ పాపలాంటి పిల్లలకి ఇక్కడ ఇన్సులిన్‌కి, సెన్సర్‌కి డబ్బు కట్టక్కర్లేదు. పెద్దయ్యాక కూడా అంతే. ఇంగ్లండ్‌లో మామూలుగా ఒక్కో మందుకి 9.90 పౌండ్లు కట్టాలి గానీ ఇన్సులిన్ వాడేవాళ్లకి ఆ చార్జీ లేదు. వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లో అయితే అసలు ఎవరికీ లేదు. సెన్సర్ చూపించే అంకెని బట్టి పంపు తనంతట తానే డోసు సర్దుకునే పద్ధతి వచ్చింది కదా, దాన్ని టైప్ 1 వాళ్లకి ఇవ్వొచ్చని 2023 డిసెంబరులో నైస్ సంస్థ ఒప్పుకుంది. ఏ మందుకి, ఏ పరికరానికి ప్రజల డబ్బు పెట్టాలో లెక్క కట్టి చెప్పేది ఆ సంస్థే. అందరికీ ఒకేసారి రాదు, ఐదేళ్లలో విడతలుగా ఇస్తామన్నారు, పిల్లలు ముందు వరసలో ఉన్నారు.

వెయిటింగ్ సంగతి వేరు. మోకాలి ఆపరేషన్, కంటి శుక్లం, హెర్నియా, ఇలా వెంటనే ప్రాణం మీదికి రానివాటికి వరస చాలా పెద్దది. 2023లో ఇంగ్లండ్ వెయిటింగ్ లిస్టు 77 లక్షలు దాటింది. నూటికి 92 మందికి 18 వారాల్లోపు చికిత్స మొదలవ్వాలన్నది పెట్టుకున్న లక్ష్యం, 2016 తర్వాత దాన్ని అందుకున్నదే లేదు. మా దగ్గర చలికాలం వచ్చిందంటే కారిడార్‌లో స్ట్రెచర్ల మీద ముసలివాళ్లు గంటల తరబడి పడుకుని ఉంటారు, వాళ్లకి పక్క మార్చడానికి కూడా చోటుండదు, ఆ రోజుల్లో ఇంటికొచ్చి ఏడ్చినవి చాలా ఉన్నాయి. ఇది దాచిపెట్టి అంతా బాగుందని మీకు చెప్పలేను.

అయినా ఈ పన్నెండేళ్లలో స్కాన్‌కి పంపేటప్పుడు "సిస్టర్, దీనికి ఎంతవుతుంది?" అని ఒక్కరు కూడా నన్ను అడగలేదు. 1948 జులై 5న ఇక్కడి ప్రజావైద్యం, ఎన్‌హెచ్ఎస్ అంటారు, మొదలైనప్పుడు పెట్టుకున్న మాట అది, జబ్బుతో వచ్చినవాడిని డబ్బు అడగకూడదని. దెబ్బతిని ఉన్నా ఆ మాట ఇంకా నిలబడే ఉంది.

వీసా మీద వచ్చేవాళ్లు మాత్రం హెల్త్ సర్‌చార్జి కట్టాలి, ఏడాదికి పెద్దవాళ్లకి 1,035 పౌండ్లు, పిల్లలకి 776. వీసా ఎన్నేళ్లుంటే అన్నేళ్లదీ ముందే కట్టించుకుంటారు. అది మీ లెక్కలో వేసుకోండి.

పడమటిగాలి

నేను అమెరికాలో ఉండబట్టి 14 ఏళ్లు. అక్కా, మీరు విన్న భయాల్లో కొన్ని నిజం, కొన్ని పాతబడిపోయినవి.

ముందు నిజమైనవి. ఇక్కడ ఒకసారి మా అబ్బాయి చెయ్యి విరిగితే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాను, ఆసుపత్రి మా నెట్‌వర్క్‌లోదే, అంటే మా ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్నదే, కట్టు కట్టి మూడు గంటల్లో పంపేశారు. తర్వాత నాలుగు వేరు వేరు బిల్లులు వచ్చాయి. ఏది ఎందుకో అర్థం చేసుకోవడానికి, ఫోన్లు చెయ్యడానికి నాకు రెండు నెలలు పట్టింది.

పాతబడిన భయం ఏంటంటే, జబ్బు ముందే ఉందని ఇన్సూరెన్స్ ఇవ్వరని. 2010లో వచ్చిన చట్టం తర్వాత అలా చెయ్యడానికి లేదు. పిల్లల్ని 26 ఏళ్ల దాకా మన ప్లాన్‌లో ఉంచుకోవచ్చు. ఏడాదిలో మన జేబులోంచి పెట్టాల్సినదానికి కూడా పైపరిమితి ఉంది, 2025కి ఒక మనిషికి 9,200 డాలర్లు, కుటుంబానికి 18,400. అది నెట్‌వర్క్ లోపలి డాక్టర్లకి, ప్లాన్ ఒప్పుకునే చికిత్సలకి మాత్రమే, ప్రీమియం దీనికి అదనం. మంచి కంపెనీ ప్లాన్లలో ఈ పరిమితి ఇంకా తక్కువే ఉంటుంది. ఇన్సులిన్ ధర కూడా 2023లో మూడు పెద్ద కంపెనీలూ కొన్ని రకాల మీద 70 శాతం, ఆ పైన కూడా తగ్గిస్తున్నామని ప్రకటించాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి. మంచి ప్లాన్ ఉంటే ఇక్కడ స్పెషలిస్టు త్వరగా దొరుకుతాడు, కొత్త పరికరాలు ముందు ఇక్కడికే వస్తాయి. అసలు ఫ్రీ అనే మాటే తప్పని నా అభిప్రాయం. మీరు జర్మనీలో నెలనెలా కడుతున్నారు, తెల్లకోటు గారి దగ్గర పన్నుల్లో కడుతున్నారు. రెట్టింపు జీతం వస్తుంటే మన ఖర్చు మనం పెట్టుకుంటే తప్పేంటి?

లెక్కలబడి

ఫ్రీ కాదన్నది నేనూ ఒప్పుకుంటాను. అన్ని దేశాల్లోనూ కట్టేది జనమే. తేడా ఎప్పుడు కడతారన్న దగ్గర ఉంది, ఒంట్లో బాగున్నప్పుడా, మంచం మీద ఉన్నప్పుడా. నేను ఈ సబ్జెక్టే చదువుతున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

జర్మనీది ఇందులో అన్నిటికంటే పాతది. బిస్మార్క్ ఛాన్సలర్‌గా ఉన్న కాలంలో 1883లో చట్టం వచ్చింది. అప్పట్లో కార్మికుడు మూడింట రెండు వంతులు, యజమాని ఒక వంతు కట్టేవారు. ఇప్పుడు జీతంలో 14.6 శాతం, దాని మీద ఒక్కో ఫండ్, అంటే ఇన్సూరెన్స్ నడిపే సంస్థ, వేసే అదనపు శాతం, ఈ మొత్తంలో సగం మనది సగం కంపెనీది. ఫండ్లు వందకు కాస్త తక్కువ ఉన్నాయి, నచ్చకపోతే మారొచ్చు. ఏ ఫండ్‌లో ఉన్నా ఇచ్చే వైద్యం దాదాపు ఒకటే, ఎందుకంటే అది చట్టంలో రాసి ఉంది. మంచుదారి గారి ఇంట్లో పాప పేరు మీద విడిగా ప్రీమియం పడదు, జబ్బు ఉందని పెరగదు కూడా. అందరి జీతాల్లోంచి వచ్చింది ఒక చోట పోసి, ఎవరికి ఎక్కువ జబ్బులున్నాయో వాళ్లున్న ఫండ్‌కి ఎక్కువ పంపుతారు. అందుకే షుగర్ ఉన్న పిల్లని చేర్చుకోవడానికి ఏ ఫండూ వెనకాడదు.

బ్రిటన్‌లో ఈ ఫండ్లూ గిండ్లూ లేవు. పన్నుల డబ్బుతో ప్రభుత్వమే ఆసుపత్రులు నడుపుతుంది. అనూరిన్ బెవన్ ఆరోగ్యమంత్రిగా ఉండి ఈ పద్ధతి తెచ్చాడు. ఆయన పుట్టింది వేల్స్‌లోని ట్రెడెగర్ అనే బొగ్గుగనుల ఊళ్లో, అక్కడ కార్మికులు తమ కూలిలోంచి తలా కొంత వేసుకుని సొంతంగా డాక్టర్లని పెట్టుకునే సంఘం ముందే ఉండేది. డాక్టర్ల సంఘం మొదట గట్టిగా ఎదురు తిరిగింది, 1948 మొదట్లో పెట్టిన ఓటింగులో నూటికి 90 మంది దాకా వద్దన్నారు. పెద్ద డాక్టర్లకి ప్రైవేటు ప్రాక్టీసు చేసుకునే వీలు వదిలాక గానీ దారికి రాలేదు.

అమెరికాలో ఇన్సూరెన్స్ ఉద్యోగానికి ముడిపడడం మాత్రం ఎవరో కూర్చుని ఆలోచించి చేసింది కాదు. యుద్ధకాలంలో 1942లో జీతాలు పెంచకుండా ప్రభుత్వం కట్టడి చేసింది. పనివాళ్లు దొరక్క కంపెనీలు జీతం బదులు ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టాయి, దాని మీద పన్ను కూడా లేదన్నారు. యుద్ధం అయిపోయింది, ఆ ముడి అలాగే ఉండిపోయింది. ముసలివాళ్లకి, పేదవాళ్లకి 1965లో వేరే పథకాలు పెట్టారు. ఈ అతుకులన్నీ కలిపి ఇప్పుడు ఆ దేశం తన మొత్తం ఆదాయంలో 17 శాతం పైన వైద్యానికి పెడుతోంది, జర్మనీ 12 శాతం దరిదాపుల్లో, బ్రిటన్ 11 శాతం దరిదాపుల్లో ఉన్నాయి. అంత పెట్టి కూడా రెండున్నర కోట్ల మందికి పైగా ఏ ఇన్సూరెన్సూ లేకుండా ఉన్నారు.

మన ఖర్చు మనం పెట్టుకుంటే తప్పేంటి అని పడమటిగాలి గారు అడిగారు. పెట్టుకోగలిగినన్నాళ్లు తప్పు లేదు. ఉద్యోగం పోయిన నెలలో ఏమవుతుందన్నదే నా ప్రశ్న.

మేపుల్‌నీడ

లెక్కలబడి గారి ఆఖరి ప్రశ్నకి జవాబు నా దగ్గరుంది, అది మాకు జరిగింది.

2023లో అమెరికాలో మా ఆయన ఉద్యోగం పోయింది. హెచ్1బీ వీసా కాబట్టి 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరకాలి, లేకపోతే సర్దుకోవాలి. ఇన్సూరెన్స్ ఆ నెలాఖరుతో ఆగిపోయింది. పాత ప్లానే కొనసాగించుకునే హక్కు ఉంది, కోబ్రా అంటారు, 18 నెలల దాకా ఉంచుకోవచ్చు. కానీ అప్పటిదాకా కంపెనీ కడుతున్న భాగం కూడా మనమే కట్టాలి, దాని మీద ఇంకో 2 శాతం. జీతం లేని నెలలో ఆ అంకె చూస్తే గుండె జారిపోయింది. నాకప్పుడు ఏడో నెల. జీతం, వీసా, డాక్టరు మూడూ ఒకే తాడుకి కట్టి ఉన్నాయని అప్పుడు గానీ తెలియలేదు. కెనడా పీఆర్, అంటే అక్కడ స్థిరంగా ఉండే అనుమతి, ముందే వచ్చి ఉండడంతో ఇటు వచ్చేశాం, లేకపోతే ఏమయ్యేదో.

మరి కెనడాలో అంతా ఫ్రీ అన్న మాట నిజం కాదు మంచుదారి అక్కా, మీ పాప విషయంలో ఇది తప్పక తెలుసుకోవాలి. ఇక్కడ ప్రభుత్వం కట్టేది డాక్టరు ఫీజు, ఆసుపత్రి ఖర్చు. ఆసుపత్రి గడప దాటాక మందుల షాపులో కొనేది అందులో లేదు. పళ్లు, కళ్లద్దాలు కూడా లేవు, పళ్లకి ఈమధ్యే తక్కువ ఆదాయం వాళ్లకని ఒక పథకం పెట్టారు.

నాకు ఎప్పుడూ మనసులో మెదిలే విషయం ఒకటుంది. ఇన్సులిన్ పుట్టింది ఇక్కడే, టొరంటోలో. 1922 జనవరిలో ఒక కుర్రాడికి మొదటి సూది ఇచ్చారు, అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు బతికేవాళ్లు కాదు. దాన్ని కనిపెట్టినవాళ్లు పేటెంటుని తలా ఒక డాలరుకి యూనివర్సిటీకి రాసిచ్చేశారు. అలాంటి దేశంలో వందేళ్ల తర్వాత కూడా ఇన్సులిన్ అందరికీ ఒకేలా అందడం లేదు. ఒక్కో రాష్ట్రానిదీ ఒక్కో పద్ధతి. మా ఒంటారియోలో ప్రైవేటు ప్లాన్ లేని 25 ఏళ్లలోపు వాళ్లకి మందులు ప్రభుత్వమే ఇస్తుంది, పంపుకి కూడా సాయం ఉంది. షుగర్ మందులు దేశమంతా ఇవ్వాలని 2024లో కొత్త చట్టం చేశారు, కేంద్రంతో ఒప్పందం చేసుకున్న రాష్ట్రాలు కొన్నే.

ఇంకోటి, ఫ్యామిలీ డాక్టరు. ఇక్కడ ఏం కావాలన్నా ముందు ఆయన రాసివ్వాలి. ఆ డాక్టరే లేనివాళ్లు దేశంలో 60 లక్షల దరిదాపుల్లో ఉన్నారు. మాకు దొరకడానికి ఏడాదిన్నర పట్టింది. అప్పటిదాకా పాపాయి టీకాలకి ఒకచోట, నా బీపీకి ఇంకోచోట, ప్రతిసారీ కొత్త మనిషికి మొదటినుంచీ చెప్పుకోవడమే. అన్నిటికీ కార్డు చూపిస్తే చాలు, రూపాయి అడగరు. కానీ కార్డు ఉండి డాక్టరు లేకపోతే ఆ కార్డు ఏం చేసుకోవాలి?

వెదురుపాట

తైవాన్ నుంచి. నేను సించులో చిప్పుల కంపెనీలో పని చేస్తున్నాను, ఇక్కడి సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నాను.

1995 మార్చి 1న దేశం మొత్తానికి ఒకే ఇన్సూరెన్స్ పెట్టారు. అంతకుముందు సగం మందికి కొంచెం పైగానే ఏదో ఒక బీమా ఉండేది. ఇప్పుడు ప్రీమియం జీతంలో 5.17 శాతం, ఉద్యోగి వాటా అందులో 30 శాతమే, 60 శాతం కంపెనీది, మిగతా 10 ప్రభుత్వానిది. నాలాంటి బయటివాళ్లకి కూడా ఇదే. చిప్ ఉన్న కార్డు ఒకటిస్తారు. ఏ క్లినిక్కి వెళ్లినా అది గుచ్చితే ముందు వాడిన మందులు డాక్టరుకి కనిపిస్తాయి. రిఫరల్ లేకుండా నేరుగా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లొచ్చు. చాలాసార్లు అదే రోజు.

ఇబ్బంది ఎక్కడంటే డాక్టరు మనతో గడిపేది మూడు, నాలుగు నిమిషాలు. ఫీజులు తక్కువ పెట్టారు కాబట్టి వాళ్లు ఎక్కువమందిని చూడాలి. జనం కూడా చిన్న దగ్గుకీ వెళ్తారు, ఒక్కొక్కరు ఏడాదికి డజను సార్లకి పైనే. నర్సులు దొరక్క ఈమధ్య ఆసుపత్రుల్లో మంచాలు ఖాళీగా పెడుతున్నారు.

పడమటిగాలి

మేపుల్‌నీడ గారూ, మీకు జరిగింది చదివి బాధేసింది. ఆ 60 రోజుల సంగతి నేను ముందు రాయాల్సింది. నాకు ఇప్పుడు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఆ టెన్షన్ మర్చిపోయాను.

కానీ వెదురుపాట గారు చెప్పినదే నా వాదన కూడా. చేతికి డబ్బు తగలకపోతే జనం అవసరం లేకుండా వెళ్తారు, దాంతో నిజంగా అవసరమైనవాడికి డాక్టరు టైము దొరకదు. ప్రతిసారీ కొద్దిగా కట్టిస్తే ఈ వరసలు తగ్గుతాయి. సింగపూర్ చూడండి, ప్రతి ఉద్యోగి జీతంలోంచి 8 నుంచి 10.5 శాతం తన పేరు మీదే ఒక ఖాతాలో పడుతుంది, 1984 నుంచి ఉంది ఆ పద్ధతి. తన డబ్బు కాబట్టి చూసుకుని ఖర్చు పెడతాడు. వాళ్లు వైద్యానికి పెట్టేది చాలా తక్కువ, ఆయుష్షు మాత్రం ప్రపంచంలో ముందు వరసలో ఉంది.

లెక్కలబడి

ఇది మంచి వాదనే, దీన్ని నిజంగా పరీక్షించి చూశారు కూడా. 1970ల్లో అమెరికాలోనే ర్యాండ్ సంస్థ వేల మందిని గుంపులుగా విడగొట్టి కొందరికి వైద్యం పూర్తిగా ఉచితంగా ఇచ్చింది, మిగతావాళ్లతో వేరు వేరు వంతుల్లో కట్టించింది. కట్టాల్సివచ్చినవాళ్లు డాక్టరు దగ్గరికి తక్కువ వెళ్లారు, అక్కడి దాకా మీరు చెప్పిందే. కానీ వాళ్లు మానుకున్నవాటిలో అనవసరమైనవి ఎన్నో అవసరమైనవీ అన్నే. ఏది మానుకోవచ్చో జబ్బు మనిషికి ఎలా తెలుస్తుంది? చాలామంది ఆరోగ్యంలో పెద్ద తేడా రాలేదు, నిజమే. పేదవాళ్లలో బీపీ ఉన్నవాళ్లకి మాత్రం ఉచితంగా దొరికిన చోట బీపీ బాగా అదుపులోకి వచ్చింది.

జర్మనీలోనే ఇంకో ఉదాహరణ ఉంది. 2004లో డాక్టరు దగ్గరికి వెళ్తే మూడు నెలలకోసారి 10 యూరోలు కట్టాలని పెట్టారు. జనం అనవసరంగా రాకుండా ఉంటారని. క్లినిక్కుల్లో డబ్బు వసూలు, రసీదులు, కట్టనివాళ్లకి నోటీసులు, ఈ పని పెరిగింది గానీ అనుకున్న ఫలితం రాలేదు. 2012 చివర్లో పార్లమెంటులో అన్ని పార్టీలూ కలిసి ఏకగ్రీవంగా ఎత్తేశాయి.

సింగపూర్ గురించి, ఆ ఖాతా ఒక్కటే చూస్తే సగమే చూసినట్టు. పెద్ద ఆసుపత్రుల్లో ఎక్కువభాగం ప్రభుత్వానివి, ఫీజులో పెద్ద వంతు సర్కారే భరిస్తుంది. పెద్ద జబ్బులకి ఆ ఖాతా చాలక 2015 నుంచి అందరికీ తప్పనిసరి ఇన్సూరెన్స్ పెట్టారు, ముందే జబ్బులున్నవాళ్లతో సహా.

తెల్లకోటు

ఆ పరీక్షలో తేలిందే నేను మందుల షాపు దగ్గర చూశాను. డ్యూటీ అయ్యాక మందులు తీసుకోవడానికి వరసలో నించుంటే, నా ముందున్న ఆయన చీటీలో మూడు మందులున్నాయి, కౌంటరు దగ్గర అమ్మాయిని మెల్లగా అడుగుతున్నాడు, ఈ మూడింట్లో ఏది వదిలేస్తే పరవాలేదు అని. ఆస్తమా మందు వదిలేసుకుని వెళ్లాడు. 9.90 పౌండ్లు మీకూ నాకూ పెద్ద మొత్తం కాదు పడమటిగాలి గారూ. ఆ మనిషికి అది పెద్దదే. అతను వారం తర్వాత ఊపిరాడక మా దగ్గరికే వస్తే ఒక్క రాత్రికి అయ్యే ఖర్చు దానికి ఎన్ని రెట్లో నాకు తెలుసు.

పడమటిగాలి

నిజమే. మందుల మీద కట్టించడం తప్పని ఒప్పుకుంటున్నాను, ముఖ్యంగా రోజూ వాడాల్సిన మందుల మీద. అయినా ఎదురుచూడడం కూడా ఒక రకం ఖర్చే అన్న మాట మీద ఉన్నాను. కెనడాలో మా పిన్ని తుంటి ఆపరేషన్‌కి ఏడాది పైన ఆగింది, ఆ ఏడాది ఆవిడ మెట్లు దిగలేదు. ఆ నొప్పికి లెక్క ఎవరు కడతారు? 2005లో కెనడా సుప్రీంకోర్టే క్యూబెక్ రాష్ట్రం కేసులో ఇంత వెయిటింగ్ పెట్టి ప్రైవేటు ఇన్సూరెన్స్ కూడా కొనుక్కోవద్దనడం తప్పని చెప్పింది.

మేపుల్‌నీడ

మీ పిన్ని గారి బాధ నాకు అర్థమవుతుంది, మా పక్కింటావిడదీ అదే పరిస్థితి. దీనికి సమర్థన ఏమీ లేదు. డాక్టర్లని, ఆపరేషన్ థియేటర్లని పెంచకుండా ఏళ్ల తరబడి నెట్టుకొచ్చారు. కానీ డబ్బున్నవాళ్లకి వేరే వరస పెడితే అదే డాక్టరు అటు వెళ్తాడు, కొత్త డాక్టరు పుట్టుకురాడు కదా.

పల్లెదారి

ఆలస్యంగా వచ్చాను. నేను డాక్టర్ని, ప్రజారోగ్యంలో పనిచేస్తాను, థాయ్‌లాండ్‌లో కొన్నాళ్లు ఉండి వాళ్ల పద్ధతి దగ్గర్నుంచి చూశాను. ఇందాక మేపుల్‌నీడ గారు కార్డు ఉండి డాక్టరు లేకపోతే అన్నారే, ఈ చర్చ అంతటిలో నాకు అదే ముఖ్యమైన మాట అనిపించింది.

డబ్బున్న దేశాలకే ఇది సాధ్యం అనుకుంటారు చాలామంది. థాయ్‌లాండ్ 2002లో మొదలుపెట్టినప్పుడు అదేం ధనిక దేశం కాదు, 1997 ఆర్థిక సంక్షోభం నుంచి అప్పుడప్పుడే తేరుకుంటోంది. 30 బాత్‌లు కడితే చాలు, దాదాపు ఏ జబ్బుకైనా చూస్తారని పెట్టారు. ప్రభుత్వోద్యోగులకి, కంపెనీ ఉద్యోగులకి ముందే వేరే పథకాలున్నాయి. మిగిలిన రైతులు, కూలీలు, చిన్న వ్యాపారులు, జనాభాలో నాలుగింట మూడు వంతుల దాకా, ఇందులోకి వచ్చారు. వైద్యానికి అయ్యే ఖర్చులో జనం జేబులోంచి పోయేది అంతకుముందు మూడో వంతు దగ్గర ఉండేది, తర్వాత పదో వంతు దరిదాపులకి పడిపోయింది.

అయితే అందరూ 2002 గురించే చెప్తారు. అసలు పని అంతకు ఇరవై ఏళ్ల ముందు జరిగింది. 1980ల మొదట్లో ఐదేళ్ల పాటు పట్నాల్లో పెద్ద ఆసుపత్రులకి కొత్తగా పెట్టాల్సిన డబ్బు ఆపి, దాన్ని జిల్లాల్లో చిన్న ఆసుపత్రులు కట్టడానికి మళ్లించారు. చదువైన డాక్టరు కొన్నేళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో, చాలావరకు పల్లెల్లో, పనిచెయ్యాలన్న నిబంధన ఇంకా ముందే పెట్టారు. ఊరూరా ఆరోగ్య కార్యకర్తలున్నారు, పది లక్షల మందికి పైనే. అంటే కార్డు చేతికి వచ్చేనాటికి దాన్ని పట్టుకుని వెళ్లడానికి ఒక తలుపు ఉంది, ఆ తలుపు వెనక మనిషి ఉన్నాడు. పథకానికి రూపం ఇచ్చిన డాక్టర్ సంగువాన్ నిత్యారంఫోంగ్ కూడా పల్లె ఆసుపత్రుల్లో పనిచేసి వచ్చినవాడే.

వాళ్లు చేసిన ఇంకో పని నాకు నచ్చింది. మొదట్లో కిడ్నీ డయాలసిస్ ఇవ్వలేమని బయటికే చెప్పారు, డబ్బు చాలదని. దాని మీద రోగులు పోరాడారు, లెక్కలు మళ్లీ వేశారు, 2008 నుంచి ఇంట్లోనే పొట్ట ద్వారా చేసుకునే డయాలసిస్‌ని ముందు పెట్టి ఇవ్వడం మొదలుపెట్టారు. ఏది ఇవ్వలేరో పైకి చెప్పారు కాబట్టే రోగులు దాని కోసం అడగగలిగారు. చాలా దేశాల్లో కాగితం మీద అన్నీ ఉంటాయి, ఆసుపత్రికి వెళ్తే మందు అయిపోయిందంటారు.

కోస్టారికాలో కూడా అంతే. 1948లో సైన్యాన్నే ఎత్తేసిన దేశం. 1990ల నుంచి ఒక డాక్టరు, నర్సు అసిస్టెంటు, ఇంటింటికీ తిరిగే కార్యకర్త, రికార్డులు చూసే ఒక మనిషి కలిపి ఒక జట్టు, ఆ జట్టుకి ఇన్ని ఇళ్లని అప్పజెప్పారు. ఎవరింట్లో బీపీ ఉంది, ఎవరింట్లో గర్భిణి ఉంది వాళ్ల దగ్గర రాసి ఉంటుంది. జబ్బు మనిషి ఆసుపత్రికి వచ్చేదాకా ఆగరు, వాళ్లే వెళ్తారు. అమెరికా పెట్టే డబ్బులో చిన్న వంతు పెట్టి ఆయుష్షులో దానికి తీసిపోకుండా ఉన్నారు.

జూలియన్ ట్యూడర్ హార్ట్ అని వేల్స్‌లో ఒక గనుల ఊళ్లో పనిచేసిన డాక్టరు 1971లోనే రాశాడు, వైద్యం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే తక్కువ దొరుకుతుందని, బజారుకి వదిలేసినకొద్దీ ఇది ఇంకా ముదురుతుందని. ఏ దేశం గురించి అడిగినా నేను మొదట చూసేది, అక్కడ మామూలు మనిషికి తన పేరు తెలిసిన డాక్టరు ఉన్నాడా అని. పెద్ద ఆసుపత్రి తర్వాత చూస్తాను.

మంచుదారి

అందరికీ చేతులెత్తి దండం. మూడు రోజులు వచ్చినవన్నీ మా వారికి కూడా చదివి వినిపించాను. మేపుల్‌నీడ గారు రాసింది విన్నాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మాది కూడా హెచ్1బీయే. ఇక్కడ ఆయన ఉద్యోగం పోతే నిరుద్యోగ భృతి ఇచ్చే ఆఫీసే ఇన్సూరెన్స్ డబ్బు కూడా కడుతుంది, పాప సెన్సర్ ఒక్కరోజు కూడా ఆగదు. ఇది మాకు ఎంత పెద్ద విషయమో ఇన్నాళ్లూ ఆలోచించనే లేదు.

జర్మనీలో లోపాలు లేవని కాదు. నా థైరాయిడ్‌కి స్పెషలిస్టు కోసం నాలుగు నెలలు ఆగాను, ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్న నా సహోద్యోగికి అదే క్లినిక్‌లో వారంలో ఇచ్చారు. ఆ రోజు చాలా కోపం వచ్చింది. చివరికి 116117 నంబరుకి ఫోన్ చేస్తే వేరే చోట ఇప్పించారు.

ఆయన ఇంకా పూర్తిగా వద్దనుకోలేదు. కాబట్టి పడమటిగాలి తమ్ముడూ, ఒకవేళ వెళ్తే కంపెనీని ఏమేం అడగాలో చెప్పగలవా?

పడమటిగాలి

తప్పకుండా అక్కా. ఆఫర్ మీద సంతకం చెయ్యకముందే ప్లాన్ వివరాల కాగితం మొత్తం పంపమని హెచ్ఆర్‌ని అడగండి, వాళ్లు పంపుతారు. అందులో డిడక్టిబుల్ ఎంత, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యేలోపు ఏడాదికి మీరెంత పెట్టాలి, అది చూడండి. తర్వాత ప్లాన్ ఒప్పుకునే మందుల జాబితాలో పాప వాడే ఇన్సులిన్ పేరు ఉందా లేదా చూడండి. ఉండి ఏడాది మధ్యలో తీసేసి వేరేది వాడమన్న సందర్భాలున్నాయి. సెన్సర్‌ని మందుల కింద లెక్కేస్తారా, పరికరాల కింద లెక్కేస్తారా అన్నది విడిగా అడగండి, దాన్ని బట్టి మీ వంతు చాలా మారిపోతుంది. మీరుండబోయే ఊళ్లో పిల్లల షుగర్ డాక్టరు నెట్‌వర్క్‌లో ఉన్నారా, కొత్త పేషెంట్లని తీసుకుంటున్నారా, ఆ క్లినిక్కే ఫోన్ చేసి కనుక్కోండి, వెబ్‌సైటులో పేరుందని నమ్మొద్దు.

చేరే తేదీ కూడా చూసుకోండి. చాలా ప్లాన్లలో డిడక్టిబుల్ జనవరి 1న మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అక్టోబరులో వస్తే రెండు మూడు నెలల్లోనే రెండుసార్లు కట్టినట్టవుతుంది.

ఇంకోటి, నిన్నటిదాకా ఈ మాట అనేవాణ్ని కాదు. గ్రీన్‌కార్డు పని మొదటి ఏడాదిలోనే మొదలుపెడతామని కంపెనీతో రాయించుకోండి. మన దేశంవాళ్లకి దానికీ పెద్ద వరసే, ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా ఆరునెలల ఖర్చు, కోబ్రా డబ్బుతో కలిపి, పక్కన పెట్టుకోగలిగితేనే రండి. లేదంటే ఆ రెట్టింపు జీతం రెట్టింపు కాదు.

తెల్లకోటు

మంచుదారి గారూ, ఎటు వెళ్లినా పాప రికార్డులన్నీ ఇంగ్లిషులో రాయించి తీసుకెళ్లండి, ఏ డోసు, ఏ సెట్టింగు, గడిచిన ఏడాది రిపోర్టులు. కొత్త డాక్టరు దొరికేలోపు మధ్యలో గ్యాప్ వస్తే అదే పనికొస్తుంది. పంపు పాడైతే వాడడానికి పెన్నులు చేతిసంచిలో పెట్టుకోండి, పెద్ద పెట్టెలో వెయ్యొద్దు, విమానం అడుగున చలికి ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు.

మంచుదారి

ఈ రోజు మా వారు కంపెనీకి రాశారు. తమ్ముడు చెప్పినవన్నీ అడిగారు, చేరే తేదీ జనవరికి మార్చమన్నారు. జవాబు రావడానికి వారం పడుతుందట. ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇంకా ఇవ్వలేదు, కాగితం చూసేదాకా ఇవ్వొద్దని ఇద్దరం అనుకున్నాం.

పడమటిగాలి

కాగితం వచ్చాక పేర్లు, నంబర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి అక్కా. ఆ భాష ఒక పట్టాన అర్థం కాదు, ఒక్కో లైనూ కలిసి చదువుదాం.